పెన్సిల్ డబ్బాలో గుడ్డు

రాయపురంలో నేను చదువు చెప్పే బడిలో మధ్యాహ్నం అన్నంతోపాటు ఉడకబెట్టిన గుడ్డు పెడతారు. రెండో తరగతి పిల్ల ఒకతె అన్నమంతా తిని, గుడ్డు మాత్రం పెన్సిల్ డబ్బాలో దాచుకునేది. పెన్సిళ్ళేమో గుప్పిట్లో పట్టుకుని తిరిగేది.

నాకు ఆరా ఎక్కువ. చిన్నప్పుడు ఇంట్లో నన్ను పోలీసు అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ గుడ్డు ఎక్కడికి పోతోందో తెలిస్తేగాని నాకు తిన్నది అరగదు. పిల్లికి పెడుతోందా? ఎవరికైనా ఇచ్చి చాక్లెట్ తీసుకుంటోందా? ఒకరోజు అడిగేశాను.

"ఇంటికాడ తింటా టీచర్," అంది, నా మొహం చూడకుండా.

ఇంట్లో ఎవరో పస్తులుంటున్నారని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. బడి తెరిచిన కొత్తలో పెద్ద టీచర్ మా అందరిచేత సంతకాలు పెట్టించిన కాగితమూ గుర్తొచ్చింది. పిల్లల విషయంలో అనుమానం వస్తే చాలు, వెంటనే ఆమెకు చెప్పాలి. ఆమె పిల్లల రక్షణ అధికారులకు ఫోన్ చేస్తుంది. నిజమో కాదో తేల్చేది వాళ్ళు.

కానీ తరతరాలుగా ఈ తమిళ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళం. ఒకింటి మాట నాలుగిళ్ళు తిరగడానికి పూట పట్టదు. అందుకే చూడనిదే నోరు విప్పకూడదని మా ఇళ్ళలో కట్టడి. నిజం నిలకడ మీద తెలుస్తుందనేది మా అమ్మ. ఆ పిల్లా మన తెలుగు పిల్లే. కళ్ళారా చూశాకే చెబుదామని రోజూ ఆ డబ్బా మీద ఓ కన్నేసి ఉంచాను. దాచడమెందుకు, నాకది సరదాగానే ఉండేది.

మూడో వారం, బడి వదిలాక ఆ పిల్ల వెనకాలే నడిచాను. చేపల రేవు దగ్గర సందులో ఒక గది, బయట తాళం. పిల్ల కిటికీ పక్కన కూర్చుని గుడ్డు ఒలిచింది. ఊచల్లోంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది. దానికి పాత గుడ్డ చుట్టి ఉంది.

"ఎవరమ్మా లోపల?"

"మా చెల్లెలు. అమ్మ పొద్దున్నే చేపలు కోసేదానికి పోతాది. తాళమేసి పోతాది."

"చేతికేమైంది?"

"పోయిన వారం, అమ్మ వండి పోయినాక, వేడి స్టవ్ మింద పెట్టేసింది టీచర్. ఆడ ఎవురూ లేరు కదా."

అక్కడినుంచే పెద్ద టీచర్‌కి ఫోన్ చేశాను. ఆమె అధికారులను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లిని పిలిపించి తాళం తీయించారు. లోపల మూడేళ్ళ పిల్ల. చెయ్యి చీము పట్టింది.

"చూసుకునేదానికి ఎవురూ లేరమ్మా," అని తల్లి ఏడ్చింది. ఆమెను ఎవరూ కసరలేదు. చిన్నదాన్ని పగటిపూట బాల్వాడీలో ఉంచే ఏర్పాటు వాళ్ళే చేశారు. అది ఒక్క పూట పని.

ఆసుపత్రి వరండాలో పెద్ద టీచర్ కాగితం తీసి రాసుకుంటూ అడిగింది.

"మీకు అనుమానం ఎప్పుడొచ్చింది?"

"మూడు వారాలైంది."

"పాపకు కాలింది?"

"పోయిన వారం."

రెండూ రాసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బాగుండేది. ఆమె కాగితం నావైపు తిప్పి, సంతకం పెట్టమంది.