గోనె సంచుల గదిలో గ్రహణం

మొన్న సూర్యగ్రహణం నాడు మా అమ్మాయి నన్ను పట్నంలోని సైన్స్ మ్యూజియానికి లాక్కుపోయింది. అక్కడ టెలిస్కోపు ముందు బారులు తీరిన జనంలో నెలలు నిండిన ఒక పిల్ల నల్ల అద్దాలు పెట్టుకుని, చిప్స్ నములుతూ, మొగుడితో ఫొటోలు దిగుతోంది. చూడగానే నా ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు లెండి, పాపం తనేం చేసింది! నా ఈడు ఆడవాళ్లకు ఆ మంట ఎక్కడిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎనభైలో శివరాత్రి వెళ్లగానే వచ్చిన ఆ పెద్ద సూర్యగ్రహణం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి నేను జనగామలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటికి కోడలినై ఏడాది దాటింది, కడుపులో ఐదో నెల. బీఎస్సీ చదివి వచ్చానన్న నేరానికి మా అత్త నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "సదువుకున్నామె" అనేది, అదీ మూతి తిప్పుకుంటూ. నేనూ తక్కువదాన్నేం కాదు, ఆమె అవునంటే కాదనడమే పనిగా పెట్టుకున్నాను.

ఆ గ్రహణానికి ఏదో సైన్స్ మ్యూజియం వాళ్లు వ్యానులో టెలిస్కోపు వేసుకొచ్చి, బడి మైదానంలో తెల్ల అట్ట మీద సూర్యుణ్ణి చూపిస్తామని మైకులో చెప్పుకుంటూ తిరిగారు. మా బజారు వాళ్ల మర్యాద ఏం చెప్పమంటారు! గ్రహణం పూట పిల్లల కళ్లు పోగొట్టడానికి వచ్చిన్రా అంటూ వ్యానుకు అడ్డం నిలబడి నానా తిట్లూ తిట్టారు. నాకు మాత్రం ఎలాగైనా చూడాలని పట్టుదల పుట్టింది, మా ఆయన తీసుకెళ్తానని ఒట్టు కూడా వేశాడు. తీరా ఆ రోజు వాళ్లమ్మ ఒక్క చూపు చూసేసరికి ఆయనకు ఒట్టూ గుర్తులేదు, నేనూ గుర్తులేను.

కడుపుతో ఉన్నదానికి గ్రహణం సోకితే బిడ్డ మొర్రి పెదవితో పుడుతుందని మన వైపు భయం కదా. మధ్యాహ్నం కాగానే అత్త నన్ను పడమటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీకి కొట్లోని ఖాళీ గోనె సంచులు మేకులతో కొట్టించి, తలుపుకు లోపల గడియ పెట్టి తానే నా పక్కన కాపలా కూర్చుంది. కాలు ముడవకూడదు, గోక్కోకూడదు.

"కదలకు! కడుపుల పిల్ల నీ ఒక్కదానిదే అనుకుంటున్నవా?" అని గద్దించింది.

"మీ కొడుకు దొడ్డిదారిన బడికాడికి పోయిండు, ఆయన్నెందుకు ఆపలే?" అన్నాను నేను.

ఇంత చేసిన మనిషి ఒక్కటి మరిచిపోయింది. హమాలీలు బస్తాలను ఇనుప కొక్కేలతో లేపుతారు కాబట్టి ధాన్యం కొట్లో చిల్లు లేని సంచి ఉండదు. పొద్దు పడమటికి వాలగానే ఆ చిల్లుల్లోంచి ఎండ దూరి నా చీర మీద గుండ్రటి వెలుగు చుక్కలై పడింది. చూస్తుండగానే ఆ చుక్కలన్నీ ఒక పక్క కొరికినట్టు తరిగి తరిగి కొడవళ్లయ్యాయి. బయటి గ్రహణం ఉన్నదున్నట్టు నా కడుపు మీదే కనబడుతోంది! నాకు పట్టరాని నవ్వొచ్చింది.

"చూడున్రి అత్తమ్మా, గ్రహణం మనింటికే వచ్చింది!" అన్నాను.

ఆమె కెవ్వుమంది. కప్పడానికి చేతికి ఏదీ అందక, మోచేతులు నేలకు ఆనించి నా కడుపుకు అడ్డంగా ఒంగిపోయింది. ఇప్పుడా కొడవళ్లు ఆమె నెరిసిన జుట్టు మీద, వీపు మీద మెరుస్తున్నాయి. లేవమని తోశాను.

"తొయ్యకు బిడ్డా! నీ మొగనికంటే ముందు ఒక్కడు పుట్టిండు, మొర్రితోని. పాలు తాగరాక నా ఒళ్లెనే పోయిండు. గ్రహణం చూసి కొడుకును సంపుకున్నదని అందరు నన్నే అన్నరు. నేను సూడలే బిడ్డా, ఒట్టు, సూడనేలే!"

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. గ్రహణంతో మొర్రి రాదనీ, అందులో ఆమె తప్పేమీ లేదనీ చెప్పాను. ఆమె తల ఎత్తి గుర్రుగా చూసింది.

"మరి ఎందుకొచ్చింది?"

అంటూనే తిరిగి నా కడుపుకు అడ్డంగా ఒంగింది. గదిలో వెలుగు మళ్లీ మామూలయ్యేదాకా ఆమె అలాగే ఉంది, నేను మళ్లీ తోయలేదు.

దవాఖానలో మా అమ్మాయి పుట్టినప్పుడు, ఆడో మగో కూడా అడక్కుండా, అత్త ముందు పసిదాని పైపెదవిని వేలితో తడిమి చూసింది. చూసి, గోడకు చేరగిలబడి భోరుమని ఏడ్చింది. మర్నాటి నుంచీ మాత్రం తన కాపలా వల్లే పిల్ల నిక్షేపంగా పుట్టిందని బజారంతా చెప్పుకుంది. నేను కాదని వాదించాను, ఆ పోట్లాట ఆమె పోయేదాకా తెగలేదు.

ఇప్పుడు మొర్రితో పుట్టిన పిల్లల పెదవి చక్కగా కుట్టి ఇంటికి పంపుతున్నారు. ఆ నింద తల్లి నెత్తిన రుద్దేవాళ్లు కూడా తగ్గిపోయారు. ఆ పాడు రోజులు మళ్లీ రావాలని నేను చచ్చినా కోరను. ఆమె ఒక్కతి ఇంకా ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఈసారి గెలవడానికి కాదు, కోపం లేకుండా, ఆమె నమ్మేదాకా చెప్పేదాన్ని: మీ కొడుకును మీరు చంపుకోలేదు అత్తమ్మా.