పెట్టెలో లేని పాము

వన్యప్రాణుల గురించి పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పడానికి టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. ప్రతి బడి నుంచి ఒకరు వెళ్ళాలి. మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, "నువ్వే పో. తమిళ్ సెక్షన్ వాళ్ళెవురూ పోమంటా ఉండారు," అంది. మద్రాసు వ్యాసర్‌పాడిలో మాది తమిళం, తెలుగు రెండూ ఉన్న బడి. తెలుగు సెక్షన్‌లో పిల్లలు తక్కువ, టీచర్లు ఇంకా తక్కువ. అందుకే ఎవరికీ అక్కర్లేని పనులన్నీ మా వైపుకే దొర్లుకుంటూ వస్తాయి. సైన్సు చెప్పేదాన్ని కాబట్టి నేను కాదనడానికి సాకు కూడా లేదు.

మైలాపూరులో ఒక ఏసీ హాలు. బయట ఎండ మండిపోతుంటే లోపల మేమంతా కొంగులు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాం. శిక్షణ ఇచ్చే అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్క పీరియడ్ కూడా నిలబడిన మనిషిలా కనిపించలేదు. అయినా ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పుకుంటూ వస్తున్నవాళ్ళకి పాఠం చెప్పడం నేర్పడానికి ఆమెకు ఏ జంకూ లేదు.

మొదటి పని ఏమిటంటే, ఒక్కొక్కరం ఒక జంతువును ఎంచుకుని దానిలా అరిచి మమ్మల్ని మేము పరిచయం చేసుకోవాలి. రాయపురం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి, చెయ్యి తొండంలా ఊపి ఏనుగులా ఘీంకరించాడు. హార్బర్ కూలీల పిల్లలకు ఎక్కాలు నేర్పిన మనిషి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా వంతు వచ్చినప్పుడు కాకి అన్నాను.

ఆ అమ్మాయి సగం తమిళం, సగం ఇంగ్లీషులో నవ్వుతూ, "కాకి వైల్డ్‌లైఫ్ కాదు కదా మేడమ్, ఏదైనా ఇంట్రెస్టింగ్‌గా ఉండేది చెప్పండి," అంది.

నేను పులిలా గర్జించాను. అందరూ చప్పట్లు కొట్టారు. పులిని నేను చూసింది ఒకే ఒక్కసారి, వండలూరు జూలో. అది నిద్రపోతోంది.

రెండో రోజు సాయంత్రం తలా ఒక పెట్టె ఇచ్చారు. మిఠాయి దుకాణం వాళ్ళు పెళ్ళిళ్ళకి ఇచ్చే పెట్టెలా నున్నగా మెరుస్తోంది. లోపల ధ్రువపు ఎలుగుబంటి, పాండా, పెంగ్విన్, మంచు చిరుత, సీల్ బొమ్మల కార్డులు, అట్ట మాస్కులు, పాచికలతో ఆడే ఆట ఒకటి, ఉపాధ్యాయుల కోసం లావుపాటి పుస్తకం. అన్నీ ఇంగ్లీషులో, పక్కన తమిళంలో. మద్రాసు పిల్లలెవరూ జన్మలో చూడని జంతువులన్నిటినీ వెతికి వెతికి పోగేశారనిపించింది. మేము చూసేవి ఏవీ అందులో లేవు. గద్ద లేదు, ముంగిస లేదు, గబ్బిలం లేదు, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు కారే చోట చేరే గోరింకలు లేవు. ఒక్క పాము మాత్రం ఉంది. పడగ విప్పిన రాచనాగు పోస్టరు. కింద, 'పాములు మన మిత్రులు'.

"తెలుగులో లేదా అండీ?" అని అడిగాను.

బడులకు ఈ పెట్టెలు పంచే పథకాన్ని నడిపే సంస్థ తరఫున వచ్చిన పెద్దమనిషి ఆ మాట విని దగ్గరికి వచ్చాడు. నార చొక్కా, భుజాన గుడ్డ సంచి, మెడలో చెక్కపూసల దండ. అడవి నుంచి ఇప్పుడే దిగినట్టు వేషం, ఒంటి నిండా సెంటు వాసన.

"మీరు తెలుగువాళ్ళా మేడమ్? మాదీ గుంటూరేనండీ! భలే భలే. తెలుగుదేముందండీ, ఫోన్‌లో పెడితే అదే ట్రాన్స్‌లేట్ చేసేస్తుంది."

ఇంటికొచ్చి పెట్టాను. సీల్ అనే జంతువుని ఫోను 'ముద్ర' అంది. 'ముద్రలు మంచు మీద పిల్లలకు పాలిచ్చును' అని రాసింది. అలాంటి పేజీలు ఇరవై దాకా ఓపిక పట్టి చదివాను. తర్వాత పుస్తకం మూసి పెట్టెలో వేసి, ఆ పెట్టెని బడి స్టోర్ రూములో మిగతా పెట్టెల మధ్య పెట్టాను. అప్పటికే బడికి విడిగా మరో పన్నెండు పెట్టెలు వచ్చి అక్కడ పడి ఉన్నాయి. ఆడే పిల్లలకన్నా ఆటలు ఎక్కువున్న బడి మాదే అయ్యుంటుంది.

అంతటితో పోయేది. కానీ నెల తిరక్కుండా ఆ పెద్దమనిషి ఫోన్ చేశాడు. పథకం ప్రారంభోత్సవం మా బడిలోనే చేస్తారట. "నార్త్ చెన్నై పిల్లలు మేడమ్, ఫొటోల్లో మంచి ఇంపాక్ట్ ఉంటుందండీ," అన్నాడు. దాపరికం లేకుండా అన్నందుకు మెచ్చుకోవాలో చీదరించుకోవాలో తెలియలేదు. మా హెడ్‌మిస్ట్రెస్ మాత్రం పొంగిపోయింది. గోడలకు సున్నం వేయించింది. పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేయించుకు రమ్మంది. 'పాములు మన మిత్రులు' పోస్టరుని వరండాలో, స్టోర్ రూము తలుపు పక్కనే, నా చేతే అంటింపజేసింది.

పోస్టరు అంటిస్తుంటే నేను చెప్పే ఏడో తరగతిలో ముందు బెంచీ పిల్ల పక్కన నిలబడి చూసింది. వాళ్ళ నాన్న రైల్వే యార్డులో కూలి. మా బడి వెనక గోడకు అవతల ఆ యార్డే.

"టీచర్, ఇది మన సారపాము కాదు గదా?"

"కాదు. రాచనాగు. పెద్ద అడవుల్లో ఉంటుంది."

"మన దాన్ని ఏల పెట్టలా?"

"వాళ్ళకి తెలీదు," అన్నాను.

జెర్రిపోతుని మా వైపు సారపాము అంటారు. ఆ పాము సంగతి బడిలో అందరికీ తెలుసు. గోడ అడుగున ఉన్న కన్నంలోంచి వచ్చి స్టోర్ రూము వెనక పందికొక్కుల్ని పట్టుకుని పోతుంది. బడి ఊడ్చే ఆయమ్మ దానికి అడ్డం పోదు, అదీ ఆవిడకు అడ్డం రాదు. ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆమె అవ్వ కాలంలో నెల్లూరు వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. "అది ఉండబట్టే మన బియ్యం మూటలు నిలస్తా ఉండాయి టీచరమ్మా," అనేది నాతో. మధ్యాహ్న భోజనం బియ్యం ఉండేది కూడా ఆ స్టోర్ రూములోనే.

ప్రారంభోత్సవం రోజు వరండాలో కుర్చీలు, శాలువలు, పూలమాలలు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. పిల్లల మొహాలకు అట్ట మాస్కులు కట్టాం. ఉక్కలో ఎలుగుబంట్లూ పెంగ్విన్లూ చెమటలు కారుస్తూ వరసగా నిలబడ్డాయి. సభ నడిపే పని నాది, మైకు నా చేతిలో ఉంది. పెద్దమనిషి లేచి భూమిని పంచుకోవడం గురించి మాట్లాడాడు. ప్రతి ప్రాణికీ బతికే హక్కుందన్నాడు. భయం అజ్ఞానం నుంచి పుడుతుందన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ ప్రతి వాక్యానికీ తలూపింది.

తర్వాత పెట్టెలు పంచాలి. ఆయన డ్రైవరు స్టోర్ రూములోకి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చి, మూడోది ఎత్తాడు. గావుకేక పెట్టి బయటికి దూకాడు. వాడి వెనకే సారపాము వరండాలోకి వచ్చింది. పసుపు గోధుమ రంగులో, మనిషి పొడవుంది. అట్టల మధ్య ఎలుకల గూళ్ళున్నాయని ఆ తర్వాత తెలిసింది. పాపం, దానికి మాకన్నా కంగారుగా ఉంది. గోడ వారగా పోవాలని చూస్తోంది కానీ కుర్చీలు అడ్డం.

భూమిని పంచుకునే పెద్దమనిషి బల్ల మీద ఉన్నాడు. ఎప్పుడెక్కాడో నేను చూడలేదు. పూలమాల మెడలోనే ఉంది.

"కోబ్రా! కోబ్రా! కొట్టండి దాన్ని, పిల్లలున్నారు, కొట్టండి!"

పిల్లలు ఒక్కరూ కదల్లేదు. వాళ్ళకది తెలిసిన పామే. మాస్కులు నుదుటి మీదికి ఎత్తుకుని చూస్తున్నారు. ఆయమ్మ చేతిలో చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"కొట్టొద్దు సామీ! నాగుబాము గాదు, సారపాము. విషం లేదు దానికి. ఆ కుర్చీ అట్టా జరపండి, దాని దావన అది పోతాది."

"నువ్వు తప్పుకోమ్మా!" అని హెడ్‌మిస్ట్రెస్ అరిచింది. "సార్‌కి ఏమైనా అయితే ఎవురు బదులు చెప్పేది?"

డ్రైవరు షామియానా కోసం తెచ్చిన ఇనప గొట్టం తీసుకున్నాడు. ఆయమ్మ చీపురు అడ్డం పెట్టింది. వాడు ఆమెను భుజంతో పక్కకు తోశాడు. నాలుగు దెబ్బలు. మొదటి దెబ్బకే నడుం విరిగింది. మిగతా మూడూ ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేనేం చేశానో కూడా రాయాలి. ఏమీ చేయలేదు. మైకు నా చేతిలోనే ఉంది, ఆన్‌లోనే ఉంది. అది ఏ పామో నాకు తెలుసు. విషం లేదనీ తెలుసు. ఆగండి అని ఒక్క మాట అంటే ఆ వరండా మొత్తం మోగేది. హెడ్‌మిస్ట్రెస్ మొహం చూశాను, బల్ల మీది ఆయన మొహం చూశాను, మైకుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఆయన్ని ఎంత తక్కువగా చూస్తున్నానో, ఆ నాలుగు దెబ్బల సేపట్లో నేను అంతకన్నా కిందికి పోయాను. కనీసం ఆయనకు ఆ పాము గురించి తెలియదు.

ముందు బెంచీ పిల్ల పాండా మాస్కు తీసి కింద పడేసింది. ఏడవలేదు. డ్రైవరు వైపు కాదు, నా వైపు చూసింది.

ఆయమ్మ పాముని ఉత్త చేతులతో ఎత్తి, బరువుకి రెండు చేతులూ చాచి, బడి వెనక్కి తీసుకుపోయింది. వరండా నీళ్ళతో కడిగించారు. ఫొటోలు మళ్ళీ మొదలయ్యాయి. పెద్దమనిషి బల్ల దిగి, చొక్కా సర్దుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పిల్లల సేఫ్టీ ముఖ్యం కదండీ మేడమ్. ఇది మాత్రం రిపోర్టులో వద్దండీ, తప్పుగా అర్థం చేసుకుంటారు."

వెళ్ళేముందు నాకొక ఫారం ఇచ్చాడు. ఈ కార్యక్రమం వల్ల వన్యప్రాణుల పట్ల పిల్లల దృక్పథంలో మార్పు వచ్చిందా అని ఒక ప్రశ్న. చాలా బాగా వచ్చింది అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసి ఇచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ పక్కనే నిలబడి ఉందని ఒక సాకు చెప్పుకోవచ్చు. ఆమె లేకపోయినా అదే గడిలో పెట్టేదాన్ననుకుంటాను.

ఆ తర్వాత నెలలోనే పందికొక్కులు బియ్యం మూటలు కొరికేశాయి. పథకం వాళ్ళ పత్రికలో మా బడి ఫొటో వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో తగిలించింది. అందులో నేను నవ్వుతూ ఉన్నాను.

నాకు ఆ పత్రిక చూసిన రోజు నుంచి బడికి పోబుద్ధయ్యేది కాదు. ఒక వారం తట్టుకున్నాను. తర్వాత ఆయమ్మ దగ్గరికి వెళ్ళి, మా క్లాసుకొచ్చి ఆ పాముల సంగతి, పందికొక్కుల సంగతి చెప్పమని అడిగాను.

"నేనా? నాకేం చదువొచ్చని టీచరమ్మా? పెద్ద టీచరమ్మ చూస్తే తిడతాది. నేను రాను."

"నువ్వు రావద్దులే. మేమే నీ దగ్గరికి వస్తాం."

శుక్రవారం చివరి పీరియడ్‌లో ఏడో తరగతిని బడి వెనక్కి తీసుకుపోయాను. ఆయమ్మ కాసేపు సిగ్గుపడి పళ్ళెం తోముతూ తల దించుకుంది. ఒక పిల్ల గోడ కన్నం చూపించి ఏదో అడిగేసరికి లేచి వచ్చింది. అది మొదలు ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. పందికొక్కు తవ్విన మట్టి ఎట్లుంటుందో, ముంగిస తవ్వినది ఎట్లుంటుందో చూపించింది. గోడ సందులోంచి పాత కుబుసం ఒకటి లాగి పిల్లల చేతుల్లో పెట్టింది. "ఇంకోటి ఉండాది ఆడ, పట్టాల పక్క. చిన్నది. నేను రెండు మాట్లు చూసినా," అంది. పిల్లలు నోట్సులు తెరిచి రాసుకుంటున్నారు. రాయమని నేను చెప్పలేదు.

వెనక్కి వస్తుంటే ముందు బెంచీ పిల్ల నా పక్కన నడిచింది. కుబుసం ముక్క నోట్సులో పెట్టుకుంది.

"టీచర్, ఆ దినం మీరు ఏల ఆపలా?"

"భయపడ్డానమ్మా."

"సారపాముకా?"

"కాదు. ఆ సార్‌కి."

ఆ పిల్ల కాసేపు నా మొహం చూసి, నోట్సు గుండెకి అదుముకుని, మిగతా పిల్లల్ని కలుసుకోవడానికి ముందుకు పరిగెత్తింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రెండు రోజులు మైలాపూరు హాల్లో కూర్చుని అందరినీ నేను అలాగే చూశాను.

తర్వాతి శుక్రవారం కూడా తీసుకువెళ్ళాను. ఆ పై వారం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, సిలబస్‌లో లేనిది ఎందుకని అడిగింది. సైన్సు క్లాసని చెప్పాను. ఈసారి ఆమె మొహం చూసి కూడా ఆగలేదు. ఆమె ఇంకేదో అనబోయి, గంట మోగడంతో ఊరుకుంది.