ఎక్స్‌రే అక్క పెట్టని సంతకం

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఫిల్ములు తీస్తున్న మనిషి. నలభై ఐదో ఏట కూతురి పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాష నేర్చుకుంది. "ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నవాళ్లకు "మిమ్మల్ని అడిగానా?" అన్నదే జవాబు.

స్కాన్ చేసిన పాత ఫిల్ములను శాఖల కంప్యూటర్ల నుంచి తెప్పించి, వాటిమీది మచ్చలు తుడిచి, డాక్టర్లకు తెరపై చూపించే ప్రోగ్రాం ఒకటి తయారవుతోంది. కంప్యూటర్ల అధికారి దాన్ని మొత్తం అసింక్ పద్ధతిలో రాయించాడు. అది చదివి చూసిన అక్క మొదటిరోజే అడ్డం తిరిగింది.

"సార్, అసింక్ అంటే ఒక్క మనిషే పది పనులు చూసుకోవడం. ఒకచోట జవాబు వచ్చేలోగా ఇంకోటి అందుకుంటాడు. ఫిల్ములు తెప్పించడానికి అది బ్రహ్మాండం. మచ్చలు తుడవడంలో ఎదురుచూపే లేదు, అంతా లెక్కే. ఆ ఒక్కడూ దానికి కూర్చుంటే మిగతావన్నీ ఆగిపోతాయి."

"అయితే థ్రెడ్లు పెడదాం, ఒక్కడి బదులు నలుగురు."

"నలుగురిని పెట్టినా లెక్కల గదికి తాళంచెవి ఒకటే సార్, ఒకసారికి ఒక్కడే లోపలికి వెళ్లగలడు. మన దగ్గరున్న పైథాన్ అంతే. వేరే ప్రాసెస్‌లు కావాలి. ఎవరి గది వాళ్లదన్నమాట."

"ఫిల్ములు తీసేవాళ్లు ఫిల్ములు తీస్తే చాలు," అన్నాడాయన.

మూడో వారం ఓ మధ్యాహ్నం, తుంటి విరిగిన పెద్దాయనను ఆపరేషన్‌కు సిద్ధం చేశాక, ఎముకల డాక్టరమ్మ తెరపై పాత ఫిల్ము తెరుచుకోలేదు. పదకొండు నిమిషాలు. ఆ సేపంతా ప్రోగ్రాం మచ్చలు తుడుస్తూనే ఉంది. పెద్దాయనకు ఏమీ కాలేదు గానీ డాక్టరమ్మ మండిపడింది.

సాయంత్రం అధికారి ఓ కాగితం తెచ్చాడు. ఫిల్ము తెరుచుకోకపోవడానికి కారణం 'నెట్‌వర్క్ లోపం' అని అందులో ఉంది.

"సాక్షిగా సంతకం పెట్టమ్మా."

"పెట్టను."

"ఉద్యోగం చేసుకోవాలని లేదా?"

"ఉంది కాబట్టే పెట్టను."

కాగితం ఆయన చేతికే తిప్పి ఇచ్చేసింది. మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్లి, అధికారి రాయించిన ప్రోగ్రాంనూ, తాను ఇంట్లో మార్చి రాసుకున్నదాన్నీ నడిపి చూపించింది. పాతది మళ్లీ బిగుసుకుపోయింది. అక్క రాసినదానిలో తుడిచే పని రెండు ప్రాసెస్‌లలో పక్కన సాగుతుండగానే ఫిల్ము టక్కున తెరుచుకుంది.

"నాలుగు పెట్టొచ్చుగా?" అంది డాక్టరమ్మ.

"ఒక్కోటి బోలెడు మెమరీ తింటుంది డాక్టరమ్మా. ఈ మిషన్‌కు రెండు చాలు."

డాక్టరమ్మ పట్టుబట్టాక అక్క రాసిందే వాడకంలోకి వచ్చింది. అధికారి ఆమెతో మాట్లాడటం మానేశాడు. తర్వాతి సమావేశానికి పిలవలేదు కూడా. అయినా అక్క వెళ్లి, పక్కగదిలోంచి కుర్చీ లాక్కొచ్చుకుని, సరిగ్గా ఆయన ఎదురుగా వేసుకుని కూర్చుంది.