చేపల రక్తం చదివిన మా ఖాదర్

నిన్న పొద్దున మార్కెట్‌లో ఉండగా నస్రీన్ ఫోన్ చేసింది.

"అన్నా, పోయినాడన్నా" అంది.

ఎవరు అని అడిగాను. తెలిసే అడిగాను.

ఖాదర్ బాషా. నస్రీన్ భర్త. నా డిగ్రీ క్లాస్‌మేట్. నందికొట్కూరులో జువాలజీ లెక్చరర్. నలభై ఆరేళ్ళు.

సాయంత్రం మట్టి వేసి వచ్చాను. ఈ రోజు లేచి, అలవాటుగా వాడికి గుడ్ మార్నింగ్ పెట్టాను. సింగిల్ టిక్.

వాడికి చేపల రక్తమంటే పిచ్చి. టీ తాగుతూ కూడా అదే మాట.

"మన సీమలో నీళ్ళే తక్కువ. ఆ నీళ్ళలో గాలి ఇంకా తక్కువ. అంత తక్కువలో చేప ఎట్ల ఏరుకుంటాదో చూడప్పా. మొప్పల కాడ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకొని తోక దాకా మోస్తాది."

మూడేళ్ళ కింద కోయిలకుంట్ల దగ్గర నేను చేపలు పెంచే చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఖాదర్‌కి ఫోన్ చేస్తే క్లాసు వదిలేసి బైక్ మీద వచ్చాడు.

ప్యాంటు మడిచి నీళ్ళలో దిగాడు. ఒక బొచ్చె చేపను పట్టి మొప్ప ఎత్తాడు. ఎర్రగా ఉండాల్సింది చాక్లెట్ రంగులో ఉంది.

"నీళ్ళలో గాలి ఉండాదప్పా. రక్తమే మోయలేకపోతాండాది."

నేను వేసిన మేత ఎక్కువై, కుళ్ళి, నీళ్ళలో నైట్రైట్ పెరిగిందట. అది రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకోలేదట.

మేత ఆపించాడు. ఉప్పు మూటలు తెప్పించి, పొద్దుగూకే దాకా తనే చల్లాడు. నీళ్ళలో ఉప్పు ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి అంతగా పోదట.

సగం బతికాయి. సగం పోయాయి. చచ్చినవాటిని గట్టున పోస్తుంటే వాడు ఏడ్చాడు. చెరువు నాది. ఏడ్చింది వాడు.

నిరుడు వానల్లో వాడికే జబ్బు. ఎముకల్లోని మూలుగ రక్తం తయారు చేయడం మానేసింది. పది మెట్లెక్కితే ఆయాసం.

ఎక్కించిన రక్తం మొదట్లో నెల వచ్చేది. తర్వాత వారం కూడా రాలేదు. నేను రెండుసార్లు ఇచ్చాను. మూలుగ మార్పిడి చేద్దామంటే వాడి తమ్ముడిది మ్యాచ్ కాలేదు.

పోయిన వారం కర్నూలు ఆసుపత్రికి వెళ్ళాను. రిపోర్ట్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం గాదులేప్పా" అన్నాను.

"నాకు అబద్ధం చెప్పాకు. రక్తం మోయకపోతే ఏమయితాదో ఇరవై ఏండ్లు పాఠం చెప్పినా."

కాసేపటికి గోడ వైపు తిరిగాడు.

"శానా భయమయితాండాదప్పా."

చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

వాడు బతికుండగా అదే ఆఖరు చూపు.

పోయిరా ఖాదర్. అల్లా నీకు నెమ్మది ఇవ్వాలి.

నాకైతే ఇప్పట్లో లేదు.