పక్క సందులోంచి వచ్చిన మాట

టైపు మాస్టారు పోయారు. ఆ కబురు నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. పటమటలో మా వాటాకీ వాళ్ళ వాటాకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళావిడ, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడ, మాట్లాడలేరు. ఏది కావాలన్నా పాడతారు. ఆ ఉదయం గోడ అవతల నుంచి ఆయన్ని పిలిచే పాట వినిపించింది. మామూలుగా అది పూర్తి కాకముందే మాస్టారి గొంతు జవాబిచ్చేది. ఆ రోజు రాలేదు. ఆవిడ మళ్ళీ పిలిచారు. ఇంకోసారి పిలిచారు. పళ్ళు తోముకుంటున్నవాణ్ణి అలాగే వెళ్ళి తలుపు తోశాను. మాస్టారు పడక్కుర్చీలో కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు. ఆవిడ మంచం మీద నుంచి ఆయన వంకే చూస్తూ పాడుతున్నారు.

ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలా ఆఫీసుల్లో ఉన్నారు. ఇది చదివితే వాళ్ళకి లోయరూ హయ్యరూ పరీక్షలు పాస్ చేయించిన మాస్టారు గుర్తుకు రావచ్చు. నేను గోడ ఇవతలి నుంచి ఎరిగిన మనిషి గురించి చెబుతాను. నాకు రాయడం అలవాటు లేదు. ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్లో లెక్కలు రాస్తాను. చదువు పదితో ఆగింది, మిగిలిందంతా పక్కవాళ్ళని చూసి నేర్చుకున్నదే. జమా ఖర్చు తప్ప వేరే రాత నా చేతి మీదుగా నడవలేదు కాబట్టి ఎలా జరిగిందో అలాగే రాస్తాను.

ఇన్‌స్టిట్యూట్ నడిచిన రోజుల్లో ఆయన పిల్లలకి ‘ఏ ఎస్ డి ఎఫ్’ చెప్పేటప్పుడు చెక్క స్కేలుతో బల్ల మీద తాళం వేసేవారు. వేలు తప్పినా పరవాలేదు, తాళం తప్పకూడదు అనేవారు. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లన్నీ పాత ఇనుము కింద వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకుని విప్పడం మొదలుపెట్టారు. దాని చక్రాలు బట్టల తాడు బిగించడానికి పనికొచ్చాయి. దాని గంట వీధి తలుపుకి వచ్చింది. ఇక మిగిలిన మీటలతో ఏం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఒక ఆదివారం వరండాలో చెక్క మీద తీగలు బిగించి, వాటి మీద ఆ మీటలు అమర్చి కూర్చున్నారు.

“ఏవిటండీ ఇది?” అన్నాను.

“బుల్‌బుల్ అయ్యా. వాయించుకునేది.”

“బుల్‌బుల్ మీద ఏబీసీడీలు ఉంటాయా?”

“దీని మీద ఉంటాయి. ‘స’ కావాలంటే ‘ఎఫ్’ నొక్కు.”

లోపల్నుంచి పిన్నిగారు అందుకున్నారు. “టైపు మానేశారు కదా, చెవులకి సుఖం అనుకున్నా. ఇప్పుడు దానికి గొంతు కూడా పెట్టారు.”

పిన్నిగారి నోటికి మా వీధిలో పేరుంది. కూరగాయల బండి అతను ఆవిడ గుమ్మం దగ్గర తూకం వేసేటప్పుడు ఒక వంకాయ తనంతట తనే ఎక్కువ వేసేవాడు. మాస్టారు ఆవిడ మాటలకి ఎదురు చెప్పేవారు కాదు, నవ్వేవారు. బుల్‌బుల్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విరిగిన ప్లాస్టిక్ దువ్వెన ముక్కతో తీగలు మీటుతూ సాయంత్రాలు వెతుక్కునేవారు, దొరికిన పాట దొరికినట్టు వాయించేవారు. మీట కదలకపోతే కోప్పడకుండా ఒక చుక్క నూనె వేసి, “బిగిసిందంతే, విరగలేదు” అనేవారు. కుళాయిని గురించీ అదే మాట. మా ఇంట్లో కుట్టుమిషన్ ఆగిపోతే దాని గురించీ అదే మాట.

ఆ తర్వాత పిన్నిగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మనం చెప్పేది ఆవిడకి అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆవిడ లాంటి మనిషికి అది ఎంత నరకమో రాయడం నా వల్ల కాదు.

మాస్టారు ముందు వీధి తలుపు గంట విప్పి మంచానికి బిగించారు. ఆవిడ ఎడం చేత్తో కొట్టేవారు. గంట మోగేది, ఎందుకు మోగిందో తెలిసేది కాదు. తర్వాత పాత క్యాలెండర్లలోంచి బొమ్మలు కత్తిరించి అట్టల మీద అంటించారు. అన్నం, గ్లాసు, ఫ్యాను. ఆవిడ కొన్నాళ్ళు చూపించారు. చూపించింది ఒకటి, కావాల్సింది ఇంకొకటి అయ్యేది. ఒకరోజు అట్టలన్నీ విసిరేశారు. ఆ సాయంత్రం నేను కొట్టు నుంచి వచ్చేసరికి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన చేతుల్లో స్క్రూడ్రైవరో, వైరు ముక్కో, ఏదో ఒకటి లేకుండా చూడటం నాకు అదే మొదలు.

“ఏం కావాలో తెలీట్లేదయ్యా. నీళ్ళిస్తే తోసేస్తోంది. ఫ్యానేస్తే ఏడుస్తోంది. ఇన్నేళ్ళు కాపరం చేసి, దానికేం కావాలో నాకు తెలీట్లా.”

పక్కన కూర్చున్నాను. చీకటి పడ్డాక ఆయనే లేచి లోపలికి వెళ్ళారు.

ఆ వారంలోనే ఒకరోజు మాస్టారు మా తలుపు దబదబా కొట్టారు. బుల్‌బుల్ తీగ సడలితే బిగిస్తున్నారట. బిగిసిందో లేదో చూద్దామని, వాళ్ళ అమ్మాయి చిన్నప్పుడు పిన్నిగారు పాడిన జోలపాట ఎత్తుకున్నారు. మధ్యలో తీగ జారి ఆగిపోయింది. లోపల్నుంచి పిన్నిగారు మిగిలిన చరణం పాడేశారు. మాటలతో సహా పాడారు.

“మాట ఉందయ్యా,” అన్నారు మాస్టారు. “లోపలే ఉంది. బిగిసిందంతే.”

అప్పట్నుంచి ఆయన పనే అది. మంచం అంచున కూర్చుని ఆవిడ ఎడం అరచేతిలో వేలితో తాళం వేస్తూ, అక్షరం అక్షరంగా, టైపు నేర్పినట్టే నేర్పారు. మంచినీళ్ళకి పైనుంచి కిందికి జారే పాట. నొప్పికి ఒకే స్వరం రెండుసార్లు. ఫ్యానుకి గుండ్రంగా తిరిగే పాట. రాగం ముందు బుల్‌బుల్ మీద వెతికి, ఆవిడ గొంతుకి అందుతుందో లేదో చూసి, అందకపోతే మార్చేవారు. ఆయన నేర్పకుండా ఆవిడ సొంతంగా కట్టిన మొదటి పాట ‘ఉప్పు లేదు’. అది విని మాస్టారు కంచం ముందు నుంచి లేచి వచ్చి మరీ నాకు చెప్పారు. “ఇక భయం లేదయ్యా. మా ఆవిడ తిరిగొచ్చింది.”

ఒకసారి అడిగాను, మాట రానివాళ్ళకి పాట ఎలా వస్తుందండీ అని. ఆయన డాక్టర్లు చెప్పిందేదో చెప్పబోయి, మానేసి, “బెంజ్ సర్కిల్ దగ్గర బళ్ళు ఆగిపోతే ఏం చేస్తావ్?” అన్నారు.

“పటమట సందుల్లోంచి పోతా.”

“ఇల్లు చేరతావా లేదా?”

“చేరతా.”

“అంతే. మాట మెయిన్ రోడ్డులో ఇరుక్కుంది. పాట పక్క సందులోంచి వస్తోంది.”

కాలం గడిచేకొద్దీ ఆ పాటల్లో మాటలు అరిగిపోయాయి. ‘మంచినీళ్ళు’ అన్నది ఒట్టి కూనిరాగం అయింది. వాళ్ళిద్దరికీ అది చాలు. గోడ ఇవతల ఉన్న నాకూ చాలేది. కొత్తవాళ్ళకి మాత్రం ఆవిడ ఊరికే పాడుకుంటున్నట్టు ఉండేది. వాళ్ళ అమ్మాయి బందరులో బళ్ళో టీచరు. వచ్చినప్పుడల్లా “అమ్మ ఏమంటోంది నాన్నా?” అని అడిగేది, ఆయన చెప్పేవారు. మాస్టారికి ఇదే బెంగ.

“నేను ముందు పోతే దీని భాష ఎవరికయ్యా తెలుసు?”

“ఫోన్లో రికార్డు చేసి పెట్టండి మాస్టారూ.”

“చేశా. వినిపిస్తే గోడ వైపు తిరిగి పడుకుంది. ఫోను జవాబు చెప్పదుగా. అమ్మాయికి వేసవి సెలవుల్లో నేర్పుతా. ఈలోపు నువ్వు చెవిన వేసుకుంటూ ఉండు. గోడ పక్కనే ఉంటావుగా.”

వేసవి సెలవులు ఇంకా రాలేదు. ఆయన వెళ్ళిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నానికి చుట్టాలు వచ్చారు. మాస్టారిని వరండాలో మంచుపెట్టెలో ఉంచారు. పిన్నిగారిని కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. కొంతసేపటికి ఆవిడ పాడటం మొదలుపెట్టారు. ఏడుస్తున్నవాళ్ళు ఆగి చూశారు. మాస్టారి అక్కగారు, పెద్దావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మతి చలించింది దీనికి. తమ్ముడు అక్కడ పడుకుని ఉంటే పాటలేంటమ్మా? ఎవరన్నా లోపలికి తీసుకెళ్ళండి. నలుగురూ వింటున్నారు.”

అమ్మాయి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “అమ్మా, ఏం కావాలే? నాకు తెలీట్లేదే. నాన్నా...” అని అలవాటుగా వెనక్కి తిరిగి, పెట్టె వైపు చూసి, ఆగిపోయింది.

పిన్నిగారు మళ్ళీ పాడారు. పైనుంచి కిందికి జారే పాట. ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ రెక్కలు పట్టుకుని లేపబోతున్నారు.

పదిమందిలో నోరు తెరవడం నాకు జన్మలో అలవాటు లేదు. “దాహమండీ,” అన్నాను. ఎవరికీ వినపడలేదు. “ఆవిడకి దాహం వేస్తోంది,” అని గట్టిగా అన్నాను.

“నీకెలా తెలుసు నాయనా?” అంది పెద్దావిడ.

లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. పిన్నిగారు నోరు తెరవలేదు. నా మొహమే చూస్తున్నారు. పాటకి పాటే జవాబు రావాలి, అది ఆ ఇంటి పద్ధతి. మాస్టారు ‘ఇదిగో’ అని పాడి ఇచ్చేవారు. నేను అందరి ముందూ, శవం పక్కన, నా బొంగురు గొంతుతో ఆ ‘ఇదిగో’ పాడాను. అప్పుడు తాగారు. పొద్దున్నుంచీ ఎవరూ ఆవిడకి నీళ్ళు ఇవ్వలేదు. నేను కూడా.

గ్లాసు ఖాళీ అయ్యాక ఆవిడ పెట్టె వైపు తిరిగి ఇంకో పాట ఎత్తుకున్నారు. ఈసారి అదేమిటని ఎవరూ నన్ను అడగలేదు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అమ్మాయి సెలవు పెట్టి ఉండిపోయింది. సాయంత్రాలు నేను వెళ్ళి నాకు తెలిసినవి నేర్పుతున్నాను. నేర్పడమంటే పెద్దమాట. నేను పాడతాను, ఆ అమ్మాయి నోటుపుస్తకం పక్కన పెట్టి నా వెనక పాడుతుంది. శ్రుతి అస్సలు కలవదు. మొన్న ఫ్యాను పాట పాడితే పిన్నిగారు నవ్వారు. అంతలోనే ‘ఉప్పు లేదు’ పాట పాడారు. చప్పగా ఉంది నీ పాట అని.

“వెక్కిరిస్తోందా అన్నయ్యగారూ?”

“అవునమ్మా.”

ఆ అమ్మాయి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. “నాన్న బతికుండగా ఒక్కటన్నా నేర్చుకోవాల్సింది. ఆయన ఉన్నారుగా అనుకున్నా.”

నాకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. గోడ మీదుగా వినపడేంత గట్టిగా పాడుకున్నవే నాకు తెలుసు. మెల్లగా చెప్పుకున్నవి ఆయనతోనే పోయాయి. పిన్నిగారు ఒక్కోసారి చిన్న గొంతుతో ఏదో పాడి మా ఇద్దరి మొహాలూ చూస్తారు. మేము నీళ్ళు, దుప్పటి, మందు, ఒక్కొక్కటే తెచ్చి చూపిస్తాం. ఏదీ కాదు. కాసేపటికి ఆవిడే కళ్ళు మూసుకుంటారు. మాస్టారు మెట్ల మీద కూర్చున్న ఆ సాయంత్రం నాకు అప్పుడు గుర్తొస్తుంది. ఆయనకి బుల్‌బుల్ మీద వెతుక్కోవడమన్నా వచ్చు. మాకు అదీ రాదు.

ఆయన్ని పిలిచే పాట మాత్రం రోజూ వస్తుంది. “ఇదేంటన్నయ్యగారూ, దీనికేం చెప్పాలి?” అని అమ్మాయి అడిగింది. దాని జవాబు నాకు తెలుసు. రెండే రెండు స్వరాలు, ‘వస్తున్నా’. పనిలో ఉంటే ఆయన అది బుల్‌బుల్ మీదే మీటేవారు, ‘ఎఫ్’ ఒకసారి, ‘జె’ ఒకసారి. అది మాత్రం ఆ అమ్మాయికి నేర్పలేదు. ఒక ఉదయం చొక్కా వేసుకుంటుంటే గోడ అవతల పిలుపు వినపడి, జవాబు రాక, మళ్ళీ పిలుపు వినపడి, ఉండబట్టలేక నేనే ‘వస్తున్నా’ అని పాడాను. పాట ఆగింది. గబగబా వెళ్ళాను. పిన్నిగారు గుమ్మం వైపే చూస్తున్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆ రోజంతా ఇంకే పాటా పాడలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. మళ్ళీ ఆ పని చేయలేదు.

సెలవు అయిపోతోంది. శనివారం ఇద్దరూ బందరు వెళ్ళిపోతారు. అక్కడ గోడ అవతల ఎవరుంటారో. మంచం గంట విప్పి సామాన్లలో పెట్టాను. బుల్‌బుల్ నన్ను ఉంచుకోమని అమ్మాయి అంది. అది పిన్నిగారి కళ్ళ ముందే ఉండాలని చెప్పి, టైపు మిషన్‌కి వాడిన పాత రెక్సిన్ కవరే దానికి తొడిగి తిరిగి ఇచ్చాను.

ఈ ఉదయం కూడా గోడ అవతల నుంచి పిలుపు వినిపించింది. ఈమధ్య ఆవిడ రెండోసారి పిలవడం లేదు. ఒకసారి పిలిచి ఆగుతారు. రెండు స్వరాలు పాడటానికి పట్టేంతసేపు ఆగుతారు. ఆ కాసేపూ అవతల అమ్మాయి గిన్నె చప్పుడు కూడా చేయదు, ఇవతల కొట్టుకి బయల్దేరిన నేను తాళంచెవి పట్టుకుని కదలను. తర్వాత, జవాబు వినపడ్డట్టే, పిన్నిగారు మంచినీళ్ళ పాట ఎత్తుకుంటారు.