మల్ల జోకు

సూర్యాపేటలో మా పెద్దమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆవకాయ పెట్టేనాడు లీటరు పల్లినూనె కొలిచి నా కాంటా మీద పెట్టింది. గిన్నె బరువు పోను తొమ్మిది వందల పది గ్రాములే చూపింది.

"నిండ పోస్తి గదనే! తొంభై గ్రాములు ఏడ వోయినయ్? మల్ల జోకు."

నూనె నీళ్లకంటే తేలికని, లీటరంటే కిలో కాదని చెప్పినా వినలేదు. మూడుసార్లు జోకించింది. గిన్నె అడుగు తడిమింది, కాంటాను తట్టింది.

మొన్న మిర్యాలగూడ దవాఖానలో ఆమెనే కాంటా ఎక్కించారు. నెలలో ఆరు కిలోలు తగ్గింది.

"కాంటా తప్పేం లేదు బిడ్డా. సూడనీకి నిండుగనే ఉన్న, ఆనాటి నూనె లెక్కనే," అంది కదలకుండా.

"మల్ల జోకండి," అన్నాను నర్సుతో.