మచ్చ మీది మెలిక

సూర్యాపేటలో కోదాడ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఆఖరి కుట్టు ముడివేశాను. లావు ఊలుతో వలయంలా అల్లి, తల మీదుగా మెడకు తొడుక్కునే స్కార్ఫ్ అది. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న నా మొదటి అల్లిక. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మెడ మీద మిగిలిన మచ్చను చూసి కనపడ్డవాళ్లంతా ఏమైందని అడుగుతుంటే, విసుగొచ్చి మొదలుపెట్టాను.

ఒళ్లో పరిచి చూస్తే వలయం మెలిపడి ఉంది. మొదటి వరుస కొసలు కలిపేటప్పుడే తిరగబడినట్టుంది. ఇక ఎంత సర్దినా పోదు. ఉక్రోషంతో ముడి విప్పబోయాను.

పక్క సీట్లోని పెద్దావిడ నా చేయి పట్టుకుంది. వాళ్లింట్లో గొర్రెలున్నాయని అంతకుముందే మాటల్లో చెప్పింది.

"ఎందుకు ఇప్పుతున్నవ్ బిడ్డా?"

"మెలిపడ్డదమ్మా. అంతా పాడైంది."

"కత్తిరిచ్చిన బొచ్చు మళ్ల గొర్రెకు అతికిస్తమా? ఇటియ్యి."

తీసుకుని తనే నా తల మీదుగా తొడిగింది. చున్నీ జారి మచ్చ బయటపడింది. ఇక అడుగుతుందని బిగుసుకుపోయాను. ఆమె వలయాన్ని మెల్లగా తిప్పి, మెలికను సరిగ్గా మచ్చ మీదికి తెచ్చి, అరచేత్తో అదిమింది.

"గిట్లనే ఉండనియ్యి. ఎచ్చగుంటది," అని మునగాలలో దిగిపోయింది.

పేరైనా అడగలేదు నేను. ఈ మెలిక ఎందుకుందని అడిగినవాళ్లకల్లా ఆమె గురించి చెబుతాను. మెడకేమైందని ఇప్పుడెవరూ అడగడం లేదు.